మూడో పిలుపు

కల్లూరు దాటాక బుడ్డల మిల్లు మలుపు దగ్గర చీకటి పడితే షేర్ ఆటో ఆపరు. దిగేవాళ్ళుంటే ముందే దింపేస్తారు, కాదంటే మలుపు దాటించి దింపుతారు. చంటిపిల్ల ఏడ్చినా సరే, అక్కడ మాత్రం బ్రేకు మీద కాలు పడదు.

ఎందుకంటే అక్కడ పేరు పెట్టి పిలుస్తుందట.

ఏది పిలుస్తుందని అడిగితే సూటిగా చెప్పేవాళ్ళు లేరు. ఆడ గొంతు… ముసలి గొంతు… ఆటో తోలే వీరభద్రను "వీరభద్రా" అంటుంది. పాలు పోసే బసవన్నను "బసవా" అంటుంది, ఎత్తుకుని పెంచినంత చనువుగా. పలికితే ఇక అంతే. చలిజ్వరంతో మంచమెక్కినవాళ్ళ కథలు ఆ దారి పొడుగునా వినిపిస్తాయి.

అందుకే కర్నూల్లో పుట్టిన బిడ్డకు మాటలొచ్చీ రాగానే ఒక సంగతి నేర్పుతారు. రాత్రిపూట ఎవరైనా పిలిస్తే ఒకసారికి పలకకూడదు. రెండోసారికీ పలకకూడదు. మూడోసారి కూడా పిలిస్తే అది మనిషి. దెయ్యానికి మూడోసారి పిలిచే శక్తి ఉండదు.

మిల్లు మలుపు గొంతు ఎప్పుడూ రెండుసార్లే పిలిచింది.

ఇంకో వింత ఉంది. అది మగవాళ్ళనే పిలుస్తుంది. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని ముగించుకుని ఆడవాళ్ళు రోజూ ఆ దారినే నడిచి వస్తారు. వాళ్ళలో ఒక్కరికీ తన పేరు వినపడలేదు. "సచ్చినాంక గూడా దానికి మొగపిల్లోల్లే కావాలంట" అని నవ్వుకుంటూ మలుపు దాటేస్తారు.

బుడ్డలంటే వేరుశనక్కాయలు. ఆ మిల్లులో నూనె ఆడటం ఆగిపోయి చాలాకాలమైంది. కొన్నేళ్ళ కింద చర్చివాళ్ళ సంస్థ ఒకటి దాన్ని కొని, సున్నం కొట్టించి, ఆశ్రమం పెట్టింది. తల్లిదండ్రులు లేని పిల్లలు, రోడ్డున పడ్డ ముసలివాళ్ళు, బస్టాండులో పడుకునేవాళ్ళు… అందరూ ఆ గోడల మధ్యే. గేటు మీద "ఇక్కడ ఎవరూ అనాథలు కారు" అని బోర్డు.

ఊరు ఊరుకుంటుందా? బుడ్డలాడినప్పుడు లేని దెయ్యం బైబిలొచ్చాక వచ్చిందని తేల్చేసింది. చచ్చినవాళ్ళను మిల్లు వెనకే పూడుస్తారు, కర్మకాండలుండవు, ఆత్మలు తిరక్క ఏం చేస్తాయి అన్నారు. ఆ కర్మలు చేయాల్సిన కొడుకులు ఎక్కడున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే సగం వీధుల్లో తలుపులు మూసుకోవాల్సి వచ్చేది.

ఆశ్రమం వాళ్ళేమీ తక్కువ తినలేదు. అన్నం కంటే ముందు ప్రార్థన. పిల్లలు రెండు కళ్ళూ మూసుకోవాలి. ఒక కన్ను పళ్ళెం మీద పెట్టిన పిల్లకు ఆఖరున వడ్డన. తన పేరు చెప్పలేని ముసలామెకు వాళ్ళే ఒక పేరు పెట్టేస్తారు, అసలు పేరు కోసం వెతికే తీరిక ఉండదు. దుప్పట్లిచ్చేవాళ్ళు వస్తే మాత్రం బోలెడంత తీరిక. మంచం పట్టినవాళ్ళను కూడా లేపి వరసలో నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోల్లో తెల్లచొక్కాల మగవాళ్ళే ఉంటారు. మలమూత్రాలెత్తే ఆయమ్మ ఒక్క ఫొటోలో కనపడదు.

వాళ్ళ నియమం ఒక్కటే. ఎవరూ లేనివాళ్ళనే చేర్చుకుంటారు.

ఆ నియమం కర్నూలు కొడుకులకు తెగ నచ్చింది.

వాసుదేవ్‌కి వన్ టౌన్‌లో విత్తనాల దుకాణం. తండ్రి నాగసుబ్బయ్య పెట్టిందే. తండ్రి పోయాడు, తల్లి సుందరలక్ష్మి మిగిలింది. ఈ కథలో గయ్యాళి కోడలు ఎక్కడ అని వెతికేవాళ్ళు శ్రమపడక్కర్లేదు. పద్మప్రియ ఎప్పుడో పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ అత్తకు తల దువ్వింది, పక్క బట్టలు ఉతికింది. ఆమె వెళ్ళాకే అది పని అని వాసుదేవ్‌కి తెలిసింది.

సుందరలక్ష్మికి మతిమరుపు. పక్క తడిపేది. తాగిన గ్లాసు కడగడమెరగనివాడు తల్లికి నీళ్ళెలా పోస్తాడు? నామోషీ.

ఒకరోజు ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని దారిలో చెప్పాడు.

"ఆడ నా పేరెత్తొద్దు మా. నీకు కొడుకున్నాడని తెలిస్తే ఉంచుకోరు. కొన్నాళ్ళే. మళ్ళా నేనే వచ్చి పిల్చుకపోతా."

వెంట తీసుకెళ్ళడాన్ని సీమలో పిల్చుకపోవడమనే అంటారు. ఆమె తలూపింది. గేటు దగ్గర వాసుదేవ్ తడుముకోకుండా చెప్పాడు: "నాకేమీ కాదు. రోడ్డు మీద కనపడితే జాలేసి తెచ్చినా."

ఆమె నోరు విప్పలేదు. వాళ్ళు దయామణి అని పేరు పెట్టారు.

హోసపేటలో ఉన్న అక్క హిమబిందుకు, అమ్మ మంత్రాలయంలో సేవకు ఉండిపోయిందని చెప్పాడు. ఫోను వాడనివ్వరన్నాడు. ఏడాది గడిచింది.

ఆ చలికాలం వర్తక సంఘం వాళ్ళు ఆశ్రమంలో దుప్పట్లు పంచారు. ఎంత తప్పించుకున్నా వాసుదేవ్‌ను ముందుకు తోశారు. వరసలో తల్లి వచ్చింది. అతని చేతి మీదుగా దుప్పటి తీసుకుని రెండు చేతులూ జోడించింది.

"సల్లగుండు సారూ."

మతిమరుపు మేలు చేసిందనుకున్నాడు. మరిచిపోయి అలా అందో, మాట నిలబెట్టుకోవడానికి అందో… ఆ ఆలోచనే అతనికి రాలేదు.

ఫొటో వాట్సాప్‌లో ఊళ్ళు తిరిగి హోసపేట చేరింది. అక్క ఫోను చేసింది.

"రేయ్ వాసూ, నీ ముందర దండం పెడతాండే ముసలామె ఎవురు?"

"ఎవురో… దిక్కులేనామె."



"నేను రేపు పొద్దునకంతా ఆడుంటా. నాకు ఇంట్లో అమ్మ కనపడాల."

అదీ సంగతి. తెల్లారేలోగా అమ్మ ఇంట్లో ఉండాలి. పగలంతా దుకాణంలో కూర్చుని ఆలోచించాడు. గేటు ముందు నిలబడి, దుప్పట్లిచ్చిన నోటితో "ఈమె మా అమ్మ" అనడం ఎలా? మిల్లు వెనక గేటుకు గొళ్ళెమే, తాళం లేదు. ముసలివాళ్ళు ఎక్కడికి పారిపోతారని వాళ్ళ ధీమా. ఆడవాళ్ళ గది కిటికీ రోడ్డు వైపే ఉంటుంది. చీకట్లో కిటికీ దగ్గర మెల్లగా పిలిస్తే చాలు…

చీకటి పడ్డాక స్కూటర్ మీద బయలుదేరాడు. కల్లూరు ఇళ్ళ దీపాలు వెనకబడ్డాయి. మిల్లు దగ్గర కరెంటు లేదు. మలుపులో బండి ఆపాడు.

ఇంజను చప్పుడు ఆగింది. పాత చిమ్నీ మీద గాలి… కిటికీ నల్లగా ఉంది. దగ్గరికి నడిచాడు. గొంతు సవరించుకున్నాడు. అమ్మా అనడానికి నోరు తెరిచాడు—

"వాసూ…"



అమ్మ గొంతే. అమ్మ కోసమే వచ్చాడు. అయినా నాలుక కదలలేదు. చిన్నప్పుడు దుప్పటి కప్పుతూ చెవిలో ఆమె చెప్పిందే గుర్తొచ్చింది… మూడోతూరి పిలిస్తేనే పలకాల నాయనా.

"వాసూ…"

ఇంకొక్కసారి. ఇంకొక్కసారి పిలువమ్మా. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

పిలవలేదు.

గాలి కూడా ఆగిపోయింది. వెనక్కి అడుగు వేశాడు… ఇంకో అడుగు…

వెలుతురు ముఖాన పడింది.

"ఎవురప్పా అది? కిటికీ కాడ ఏం పని?"

వెనక గేటు తీసుకుని టార్చి పట్టుకుని ఒక ఆడమనిషి వస్తోంది. ఆయమ్మ ఈరక్క. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఉంది, చేతులు ఫినాయిలు వాసన.

"ఎవురో… పిలిచినారు" అన్నాడు.

ఈరక్క టార్చి దించి నవ్వింది.

"నువ్వూ బెదిరితివా? దెయ్యమూ లేదు, గియ్యమూ లేదప్పా. మా ముసలోల్లే. రోడ్డు మీద బండి సప్పుడైతే కొడుకొచ్చినాడనుకుంటారు. ఎవురి కొడుకు పేరు వాల్లు పిలుస్తారు. ఈ దావలో ఎందరు వీరభద్రలు పోరు, ఎందరు బసవన్నలు పోరు?"

వాసుదేవ్ మనసు కుదుటపడింది. ఎన్నేళ్ళుగానో ఊరిని వణికించింది ఇదా!

"మరి… రెండుతూర్లే పిలుస్తారేం?"

"మూడోతూరి పిలిస్తే కొడుకు కసురుకుంటాడు గదా. ఇండ్లల్లో అట్ల అలవాటైపోయినారు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎవురో ఒకరు పలికితే గాని పండుకోరు. నేనే పలుకుతా. ఆ… వచ్చినా మా, అంటా. ఎవుని పేరైతే నాకేమి?"

ధైర్యం వచ్చింది. ఇక అడగొచ్చు.

"ఇప్పుడు పిలిచింది దయామణి గదా? ఆమెతో ఒక మాట…"

ఈరక్క నవ్వు ఆగింది.

"ఇప్పుడెవురూ పిలవలేదే. కరెంటు పోయినప్పటి నుంచి అందరూ మాగన్నుగా ఉండారు." టార్చి కిటికీలోకి కొట్టింది. చువ్వల వెనక మంచం. చాప చుట్టి ఉంది. "దయామణి మొన్న పోయింది."

అతనికి వినపడింది. అర్థం కావడానికే సమయం పట్టింది.

"దుప్పటి ఇచ్చిన దినం నుంచి ముద్ద ముట్టలే. నోట్లో పెడితే ఉమిసింది. ఆ దుప్పట్లోనే సుట్టి మిల్లు ఎనకాల పూడ్చినాం. శిలువ నాటినారు. ఆమె దేవుడెవురో ఆమె చెప్పకపాయె."

"ఎవురికీ… చెప్పలేదా?"

"ఎవురికి చెప్తామప్పా? ఎవురూ లేనామె గదా." టార్చి వెలుగు మళ్ళీ అతని ముఖం మీదికి వచ్చి నిలిచింది. "ఇంతకీ ఆమెకు నువ్వేమైతావు?"

చెప్పొచ్చు. ఆ ఒక్క మాట చెబితే, కనీసం మట్టి మీద పేరు మారుతుంది. పొద్దున వచ్చే అక్కకు చూపించడానికి ఒక చోటైనా ఉంటుంది.

"నాకేమీ కాదు" అన్నాడు వాసుదేవ్. "రోడ్డు మీద కనపడితే జాలేసి తెచ్చినా."

అప్పుడు…

"వాసూ…"

మూడోసారి.

కిటికీలోంచి కాదు. అతని వీపు వెనక నుంచి, స్కూటర్ దగ్గర నుంచి. ఊరికి బయలుదేరడానికి సిద్ధమై నిలబడ్డ మనిషి పిలిచినట్టు.

"ఆ… వచ్చినా మా" అంది ఈరక్క, అలవాటు కొద్దీ. అనేశాక ఖాళీ మంచం వంక చూసింది.

అతను పలకలేదు. బండి ఎక్కి ఎలా తోలాడో, ఎటు తోలాడో, వెనక సీటు మీద బరువున్నట్టు ఎందుకనిపించిందో ఎవరికీ చెప్పలేదు. ఇల్లు చేరి తలుపుకు గడియ పెట్టి, దీపం వేయకుండా కూర్చున్నాడు.

పొద్దున్నే హిమబిందు బస్సు దిగి ఆటోలో వచ్చింది. చేతిలో అమ్మ కోసం కొన్న నేత చీర. తలుపు తట్టింది. వాళ్ళమ్మ గొంతే ఆమెకు వచ్చింది, వీధిలో అందరూ ఆ మాట అంటారు.

"వాసూ…"

లోపల గోడకు ఆనుకుని ఉన్నవాడు మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

"వాసూ…"

చెవులు మూసుకున్నాడు.

"వాసూ, అమ్మ యాడరా?"

పలకలేదు.

ఎదురింటి మహాదేవమ్మ ముగ్గుగిన్నె చేతిలో పట్టుకుని, మూసిన తలుపు వంక, చీర పట్టుకుని నిలబడ్డ హిమబిందు వంక చూసింది.

"ఇంట్లో మనిషనేవాడు లేనట్టుండాడు తల్లీ" అంది.