చెంచాడు తోడు

పేరిందేవి ‘తరలించు’ అని కొట్టి, ఫైలు పేరూ చేరవలసిన చోటూ రాసి మీట నొక్కింది. నల్లటి తెర మీద తెల్లగీత ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. ‘చేరింది’ అని కేంద్రకోశం జవాబిచ్చింది. ఆ వెంటనే, అది వచ్చిన గోదావరి లంకలోని యంత్రంలో ఆ ఫైలు చెరిగిపోయింది. ఏకప్రతి నియమం వచ్చాక ఏ ఫైలైనా లోకంలో ఒక్కచోటే ఉండాలి. లంకల ఫైళ్లన్నీ అలా కేంద్రానికి తరలించడమే ఆమె ఉద్యోగం, పొద్దుటి నుంచీ చేస్తున్న పనీ అదే.

ఇక మిగిలింది గువ్వలంక తీపినీటి సూత్రం. సముద్రం గోదావరిలోకి ఎగదన్నాక అక్కడ ఉప్పునీటిని తాగేనీరుగా మార్చే మర దాని మీదే తిరుగుతోంది. లంకవాళ్లు ఏళ్ల తరబడి తామే దిద్దుకున్న సూత్రం అది.

స్పీకరులో నూకరత్నం పలికింది. గువ్వలంక మర చూసేది ఆవిడే.

“అదెళ్లిపోతే రేప్పొద్దున్న మా మర తిరుగుద్దా అమ్మాయ్?”

“కేంద్రం ఊఁ అంటే తిరుగుద్ది పిన్నీ.”

“అననినాడు ఏం తాగమంటావు?”

పేరిందేవి మళ్లీ ‘తరలించు’ అని కొట్టింది.

“మొన్న పడవ దిగి తోడడిగితే చెంచాడు పెట్టావు. దాంతో మీ గిన్నెలో పెరుగు మాయమైపోయిందా ఏంటి?”

పేరిందేవికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. దేవుడు ఇచ్చినదేదీ పంచితే తరగదని రోజూ పూజలో చదువుకుంటుంది. మరి ఈ నియమం ఎవరు ఇచ్చినట్టు?

‘తరలించు’ అన్న మాట చెరిపి ‘ప్రతి తీయి’ అని రాసింది. మూలం తొలగదు, సమ్మతమేనా అని తెర అడిగింది. సమ్మతమే అంది.

కాసేపటికి పై అధికారి చిదంబరం గొంతు వచ్చింది.

“ఇక్కడికి చేరిందండీ. అక్కడా ఇంకా ఉన్నట్టు చూపిస్తోంది. పొరపాటయితే దిద్దేయండి.”

“పొరపాటు కాదండి.”

“దీపం పెట్టాక గుమ్మంలోంచి తోడు కూడా ఇవ్వని మనిషి మీరు. నియమం గురించి నేను చెప్పాలా?”

“అది నాకు నేను పెట్టుకున్నదండి. తప్పితే దేవుడికి నేనే చెప్పుకుంటాను. ఇది పసిపిల్లల నీళ్ల సంగతి.”

“కోశంలోకి మీ ప్రవేశం తీసేస్తున్నాను.”

“తీసెయ్యండి.”

అంటూనే ఆమె వేళ్లు పరుగెత్తాయి. అదే సూత్రం కొంగలంకకి, ఆ తరువాత జీలుగలంకకి. మూడో పేరు సగంలో ఉండగా మీటలు బిగుసుకుపోయాయి. తెర ఆరిపోయింది.

పేరిందేవి లేచి, కిటికీ గూట్లో రోజూ పెట్టే దీపం వెలిగించింది. ఉద్యోగం పోయినట్టే. ఇంకా ఎన్నో లంకలు మిగిలిపోయాయన్నదే ఆమె బాధ.

స్పీకరు గరగరమంది. కొత్త గొంతు, ఎవరో మగమనిషి.

“పేరిందేవిగారాండీ? మాది తుమ్మలంక. సూత్రం చేరిందండి.”

“మీకు నేను పంపలేదే.”

“జీలుగలంక వాళ్లు పెట్టారండి. మేం అటు రెల్లులంకకి పెట్టేశాం. ఇంకా ఎవరికి కావాలో చెప్పండి.”