చెంగల్వ చేసిన పాతకత్తి

నీలిగట్టు రాజ్యంలో నిద్రే శాపమైంది. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ఉండిపోతున్నారు. ఊపిరి ఆడుతుంది గాని కన్ను తెరవరు. మొదట రాజుగారు, తరువాత సేనాపతి, ఆ వెనుక వీధికొకరు. చివరికి కమ్మరి మల్లాచారి కూడా కొలిమి పక్కనే ఒరిగిపోయాడు. కూతురు చెంగల్వ ఎంత పిలిచినా పలకలేదు.

ఇదంతా తంద్రాసురుడనే రాక్షసుడి పని. పూర్వం నీలిగట్టు తొలిరాజు వాడిని కత్తితో గెలిచి, ప్రాణభిక్ష పెట్టాడు. ఆ కత్తి చూపితే ఎప్పుడైనా తలవంచుతానని వాడు ఒట్టుపెట్టి, గుహలో దీర్ఘనిద్రకు పోయాడు. ఇప్పుడు లేచాడు. కత్తేమో ఏనాడో వరదలో కొట్టుకుపోయింది. దాన్ని కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది రాజమాత సునందాదేవి ఒక్కతే.

"జింకకొమ్ము పిడి. నూరి నూరి అలుగు వెదురాకులా సన్నబడింది. బొటనవేలు ఆనేచోట గుంట పడింది" అని గుర్తులు చెప్పి, అచ్చం అలాంటిదే చేయమని ఆమె చెంగల్వను అడిగింది.

"కత్తి చేస్తానమ్మగారూ. అన్నేళ్ల వయసు ఎక్కడినుంచి తేను?" అంది చెంగల్వ దిగులుగా.

అయినా పని మొదలుపెట్టింది. అలుగు సాగగొట్టి, సానరాయి మీద సన్నబడేదాకా నూరింది. చింతపండు రసంలో ఉప్పు కలిపి పూసి, తడిగుడ్డ చుట్టి బురదలో పాతింది. తుప్పు పట్టాక ఇటుకపొడితో తోమితే సన్నని గుంటలు మిగిలాయి. కరక్కాయ కషాయంతో నలుపెక్కించింది. పిడిని పొగలో వేలాడదీసి, ఆముదం రుద్ది, బొటనవేలి చోటును ఇసుకతో అరగదీసింది. ఈలోగా రోజురోజుకూ పొయ్యి వెలగని ఇళ్లు పెరుగుతున్నాయి. రాజమాత కూడా కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతోంది. ఇక ఆలస్యం చేయలేక చెంగల్వ అడవికి బయలుదేరింది.

వాగు దాటేచోట రాక్షసుడి కాపలా సర్పం పడగ విప్పింది. నాలుకతో అలుగును తాకి, "తుప్పు రుచి బాగానే ఉంది. కానీ పుల్లగా ఉందేం?" అంది.

చెంగల్వ చటుక్కున అందుకుంది. "దారిలో ఆకలేసి దీంతోనే చింతకాయలు కోసుకున్నాను, నాగన్నా."

సర్పం పక్కకు తప్పుకుంది. గుహ ముందు ముసలి ఎలుగు పిడిని వాసన చూసి, గోరుతో అలుగును గీరింది. గీత తళుక్కుమంది.

"లోపల కొత్తగా ఉందే?"

"ఎముకైనా అంతే కదా, ఎలుగు మామా. ఎంత ముసలివాడిదైనా లోపల తెల్లగానే ఉంటుంది."

ఎలుగు తన ముసలి పంజా వంక చూసుకుని దారి వదిలింది.

లోపల తంద్రాసురుడు మెలకువలన్నీ బంధించిన సొరకాయబుర్రను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కత్తి తీసుకుని అంచు వెంట వేలు నడిపాడు. "నా కోరకు తగిలి దీని అంచు విరిగింది. ఆ నొక్కు ఏది?"

నొక్కు మాట రాజమాత చెప్పలేదు.  చెంగల్వను కాళ్లు పారిపొమ్మన్నాయి.

"మీరు నిద్రపోయి ఎంతకాలమైందో మీకు తెలియదు," అంది మెల్లగా. "తరతరాలుగా నూరుతున్నారు. అలుగు ఎంత మిగిలిందో చూడండి. నొక్కు ఇంకా ఉంటుందా?"

"మరి నీ చెయ్యెందుకు వణుకుతోంది?"

"మా నాయన మళ్లీ లేస్తాడో లేడోనని."

అందులో అబద్ధం లేదు. రాక్షసుడు పిడి గుంటలో బొటనవేలు ఆనించి చూసుకున్నాడు.

"నన్ను గెలిచినవాడు పోయి అంతకాలమైందా?" అని నిట్టూర్చి, బుర్రను బండకేసి కొట్టాడు. కత్తి ఆమె చేతికిచ్చి, కనుమలు దాటి వెళ్లిపోయాడు.

చెంగల్వ నమ్మీ నమ్మక ఇంటిదాకా పరుగెత్తింది. మల్లాచారి అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ఆమె తండ్రి మెడను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కోలుకున్న రాజు ఆమెను ఆయుధశాలకు అధిపతిని చేశాడు. ఆ ఉత్సవంలో రాజమాత, ఎవరు చేశారో చెప్పకుండా, కత్తిని మల్లాచారి చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇలాంటి పనితనం ఇప్పుడెవరికుందమ్మా? ఇది వెనకటివాళ్ల చెయ్యి" అన్నాడు కూతురితో.

చెంగల్వ రాజమాత వంక చూసింది. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.