ఆక్షేపణకు కారణం

గురుసామి టీ గ్లాసు కింద పెట్టకముందే లారీ అతని మీదికి వచ్చింది. బ్రేకు చప్పుడు లేదు. నంబరు ప్లేటు లేదు. ఆ ఉదయం కోవిల్‌పట్టి బైపాస్ మీద చనిపోయిన గురుసామి, నాగలాపురం రాజమ్మాళ్ ముఖం చూసి గుర్తుపట్టగల ఏకైక ప్రభుత్వోద్యోగి.

రెండు గంటల తర్వాత ఏజెంట్ కాళీశ్వరి విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోదాము వెనక గదిలోకి అడుగుపెట్టింది. ఆమె చీఫ్ నాగరాజన్ తుమ్ముతూ ఉన్నాడు.

“ఊరంతట్లో వేరే చోటే దొరకలేదా సార్?”

“ఈడికి శత్రువు కూడా రాడు. కూచో మా.” ముక్కు తుడుచుకున్నాడు. “గాలిమరల కంపెనీ అని పైకి చెప్తావుండారు. లోపల విదేశీ ముఠా. కోడ్‌నేమ్ కోబాల్ట్. తూత్తుకుడి తీరంలో నేవీ సిగ్నల్స్ వినేదానికి టవరు కట్టాలని ప్లాన్. చుట్టూ ఉండే చేలన్నీ కొనేసిరి. నడాన రాజమ్మాళ్ అవ్వ నల్లరేగడి ఉండాది. అవ్వ చేను అమ్మనంటే అమ్మను అనేసింది.”

“అవ్వ యాడుండాది?”

“నిన్నటినుంచి కనపళ్ళేదు. రిజిస్ట్రేషన్ మాత్రం ఈ పొద్దే. అది అయిపోతే అవ్వ ప్రాణంతో వాండ్లకి పన్లేదు.”

ఆ రిజిస్ట్రేషన్ జరగాల్సిన కోవిల్‌పట్టి భూసేవా కేంద్రంలో ఆ నెలే కొత్త వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ పెట్టారు. అర్జీ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తనంతట తానే పోతుంది. ఎవరు ఏం నొక్కారో పేరుతో సహా హాల్లో పెద్ద తెర మీద పడుతుంది. అరుగు మీద కూర్చున్న రైతు కూడా చదువుకోవచ్చు. మధ్యలో ఏ టేబుల్‌నీ దాటడం కుదరదు. అందుకని కోబాల్ట్ గుమాస్తాలను వదిలేసింది. మనిషినే మార్చాలనుకుంది.

“దొంగ రాజమ్మాళ్‌ని తెస్తారో, అసలు అవ్వనే బెదిరించి తెస్తారో తెలీలే. నువ్వే తేల్చల్ల,” అన్నాడు నాగరాజన్. “ అసలు అవ్వని దొంగ అనేస్తే మళ్ళీ వాండ్ల చేతికే పోతాది.”

“గుర్తుపట్టేదానికి ఊరివాళ్ళని పిలిస్తే?”

“పిలిచిన సంగతి తెలిస్తే అవ్వ ఈ సాయంత్రం దాకా కూడా ఉండదు.”

ఆమె వేషం గుర్తింపు డెస్క్ ఆపరేటర్. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్. పై గిన్నెలో పెరుగన్నం. అది వేషం కోసం కాదు, ఆకలేస్తుందని. లోపలి మనిషి ప్రియా, సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రైనర్. నాగరాజన్‌కి రహస్యంగా రిపోర్టులు పంపేది ఆమే.

బస్సులో సీటు దొరికినా కాళీశ్వరి కూర్చోలేకపోయింది. సాత్తూరు దాటేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.

“ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందా?” కేంద్రంలో అడుగుపెట్టగానే కాళీశ్వరి సంకేత వాక్యం అడిగింది.

“నిన్ననే మార్చాను,” అంది ప్రియా తమిళంలో. లేత నీలం షిఫాన్ చీర, నెత్తి మీద నల్ల కళ్ళద్దాలు. ఆమె నడిచినప్పుడల్లా క్యూ మొత్తం తల తిప్పింది. “వేలిముద్రల మెషీన్ పాడైంది అక్కా. ఫోటో చూసి ఓకే చేయండి.”

ఎవరు గుమ్మంలో నీడ వేసినా కాళీశ్వరి తలెత్తి చూసింది. సాయంత్రం ఒక ముసలామె వచ్చి కూర్చుంది. పక్కన సఫారీ సూటు వేసుకున్న మనిషి. పేరు రాజమ్మాళ్. ఊరు నాగలాపురం. తెర మీది ఫోటో, ఎదుటి ముఖం ఒకటే. ముసలామె మాటిమాటికీ సఫారీ మనిషి వైపు చూస్తోంది. భయమా? నటనా?

ప్రియా వంగి చెవిలో అంది. “సందేహమా? ఏదీ నొక్కకండి. పెండింగ్‌లో ఉంచండి. మిగతాది నేను చూసుకుంటాను.”

కాళీశ్వరి మౌస్ మీంచి చెయ్యి తీసింది. అప్పుడు కనిపించింది తెర అడుగున చిన్న అక్షరాల్లో: గడువు దాటితే సూపర్‌వైజర్‌కు బదిలీ. ట్రైనింగ్ నెలంతా సూపర్‌వైజర్ లాగిన్ ప్రియాదే.

ఊరుకుంటే ఫైలు ఆమె చేతికే పోతుంది.

ప్రియా ఎవరి మనిషో తెలిసిపోయింది. ఎదురుగా ఉన్నది ఎవరో మాత్రం ఇంకా తెలియలేదు. గడియారంలో నిమిషం కూడా మిగల్లేదు. కాళీశ్వరి తమిళం వదిలేసి ఇంటి భాషలోకి దిగింది.

“కూడు తింటివా అవ్వా?”

ముసలామె ముఖం చిట్లించింది. “కూడేమిటమ్మా? భోంచేశారా అని మర్యాదగా అడగడం తెలీదా?”

నాగలాపురం తెలుగు ఇళ్ళలో పొయ్యి మీద ఉడికేది కూడే. కలెక్టర్ వచ్చినా కూడే పెడతారు. అది తిట్టుగా వినిపించేది ఎక్కడో ఉత్తరాన, ఆంధ్రలో. తెలుగు ముసలామె కావాలని కోబాల్ట్ ఈమెను అక్కణ్ణుంచే తెప్పించింది.

కాళీశ్వరి ఆక్షేపణ మీట నొక్కింది. కారణం అడిగింది తెర. ఆమె టైపు చేస్తూండగానే ప్రియా కాలితో గోడ ప్లగ్గు ఊడదన్నింది. టేబుల్ మీది లైటు ఆరింది. కానీ టేబుల్ కింద యూపీఎస్ కీచుకీచుమంటూ కంప్యూటర్‌ని నిలబెట్టింది. కాళీశ్వరి ఎంటర్ కొట్టింది.

హాల్లో పెద్ద తెర మీద ఫైలు ఎర్రబడింది. కింద దాని చరిత్రంతా వరసగా దిగింది: రాజమ్మాళ్ ఫోటో మార్పు, నిన్న, లాగిన్ ప్రియా.

ప్రియా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికి వచ్చింది. కాళీశ్వరి క్యారియర్ విసురుగా తిప్పింది. పిస్టల్ కింద పడింది. పెరుగన్నం షిఫాన్ చీర మీద పడింది. గుమ్మం దగ్గర సఫారీ మనిషిని, రైతుల్లా లుంగీలు కట్టుకుని క్యూలో నిలబడ్డ నాగరాజన్ కానిస్టేబుళ్ళు పట్టుకున్నారు.

“సినిమా షూటింగ్ అని తీసుకొచ్చారండీ!” ముసలామె ఏడ్చింది. “అసలు రాజమ్మాళ్ గారిని ఊరవతల గాలిమర షెడ్డులో పెట్టారండీ!”

చీకటి పడకముందే షెడ్డు తాళం పగిలింది. రాజమ్మాళ్ గోనె మీద కూర్చుని ఉంది. పోలీసుల్ని ఎగాదిగా చూసింది.

“నా చేన్లో పత్తి ఎవురన్నా ఏరిరా, అట్నే వానకి ఇడిసిరా?”

“రేపు నువ్వే పోయి ఏరుకో అవ్వా,” అంది కాళీశ్వరి. “చేను నీదే.” ఆ రోజు మొదటిసారి ఆమె నిమ్మళంగా నేల మీద చతికిలబడింది.

ఫోన్‌లో నాగరాజన్ తుమ్ములు ఆగలేదు. “ఢిల్లీ నుంచి అడుగుతావుండారు మా. ఆ కారణం గడిలో ఏం రాస్తివి?”

“‘కూడు అంటే కోపం వచ్చింది’ అని సార్.”

“అయ్యో! అదెట్లా పైకి పంపేది? మంచిగా ఇంకోటి మార్చి రాయి మా.”

“మార్చేదానికి లేదు సార్,” అంది కాళీశ్వరి. “ప్రియా సాఫ్ట్‌వేర్ శానా గట్టిది.”