దాపలున్న నాలుగో తెర

శారదా నది గట్టు తెగి, కశింకోట చెరకంతా మూడు రోజులు నీళ్ళలో నిలబడిన ఏడాది. ఆ వరద అనకాపల్లి ఊళ్ళోకీ వచ్చింది. బెల్లం వ్యాపారి శ్రీరామచంద్రమూర్తి గోడౌన్లో సరుకు సగం కరిగి కాలవలో కలిసింది. మిగతా సగం గోడలకి అంటుకుపోయింది. దసరా వెళ్ళాక ఎవరో ఎక్స్‌పోర్ట్ కంపెనీ వాళ్ళమని వచ్చి గోడౌన్ అద్దెకడిగితే, ఎందుకని అడక్కుండా తాళం ఇచ్చేశాడాయన.

అడగవలసింది.

కార్తీకంలో ఒక సోమవారం, పదకొండు గంటల వేళ, కశింకోట నుంచి వస్తున్న షేర్ ఆటోలో ఇద్దరే కూర్చున్నారు. ఒకడు ఏజెంట్ కన్నబాబు. రెండో ఆయన లుంగీ కట్టుకుని, పూడిమడక ఎండుచేపల గంప ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆయన దేవీప్రసాద్, రహస్య విభాగం చీఫ్. వేషం దొంగదే గాని చేపలు నిజమైనవే. ఆటో నడిపేవాడూ విభాగం మనిషే. ముగ్గురూ నోటితో గాలి పీల్చుకుంటున్నారు.

"టార్గెట్ ఆ బెల్లం గోడౌన్," అన్నాడు చీఫ్. "లోపల విదేశీ ముఠా కంట్రోల్ రూమ్ పెట్టింది. అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ వాళ్ళ చేతికి చిక్కింది. గ్యాస్ ట్యాంక్ వాల్వ్ ఇక్కణ్నుంచే తెరుస్తారు."

"ఎప్పుడు?"

"ఇవాళ రెండు గంటలకి. షిఫ్ట్ మారే టైము. కంపెనీ బస్సులు పదకొండూ గేటు దగ్గరే ఉంటాయి."

 కన్నబాబు అప్ప శ్రీదేవి, అంటే సొంత అక్క, ఆ ఫ్యాక్టరీలోనే రెండో షిఫ్ట్. నాలుగో నంబరు బస్సు. ఆ సంగతి చీఫ్‌కి తెలుసో లేదో. ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

"ఫ్యాక్టరీకి ముందే చెబితే?"

"గేటు మీద వాళ్ళ కన్నుంది. ఒక్కడు పరిగెత్తినా ఆ క్షణమే నొక్కేస్తారు. మనం తలుపు బద్దలుకొట్టినా అంతే. కాని ఒక చిక్కొచ్చింది వాళ్ళకి. వాళ్ళ సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడుస్తుంది. మూడు మానిటర్లు కావాలి. ఒకదాంట్లో గేటు కెమెరా, ఒకదాంట్లో విదేశంలో ఉన్న బాస్, ఒకదాంట్లో వాల్వ్. బాస్ కళ్ళారా చూస్తేగాని ఆర్డర్ ఇవ్వడు. నిన్నట్నుంచి రెండు మానిటర్లు వెలగడం లేదు. ఊళ్ళో రిపేర్ షాపుకి ఫోన్ చేశారు. ఆ ఫోన్ మనం ఎత్తాం."

చీఫ్ గంపలోంచి ఒక పొట్లం తీసి ఇచ్చాడు. అందులో బొటనవేలంత నల్లటి తొడుగు.

"మానిటర్ తీగ పెట్టే చోట ఇది పెడితే, అక్కడ ఇంకో మానిటర్ ఉందనుకుంటుంది మిషను. లేని తెర. వాల్వ్ నొక్కగానే 'నిజంగా తెరవాలా' అని ఫ్యాక్టరీ ప్రోగ్రాం ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్న ప్రైమరీ తెర మీదే, అంటే మిషను మొదటిదిగా లెక్కపెట్టుకునే తెర మీదే వస్తుంది. ఇరవై సెకన్లలో మౌస్‌తో అవునని నొక్కకపోతే పాస్‌వర్డ్ చచ్చిపోతుంది, ఫ్యాక్టరీలో సైరన్ మోగుతుంది."

"లేని తెరని ప్రైమరీ చెయ్యాలి."

"అంతే. లోపల గంగాభవాని అని ఒకామె ఉంటుంది. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువో నాకూ తెలీదు. కోడ్ అడిగితే చెప్పు. నమ్మకు."

పన్నెండున్నరకి కన్నబాబు టూల్స్ సంచి భుజాన వేసుకుని గోడౌన్లో అడుగుపెట్టాడు. వెనక ఇనప తలుపు పడింది. తెరవాలంటే కిరణ్ అనేవాడి బొటనవేలు కావాలి. ముఠాకి ఇక్కడ పెద్ద అతనే. పేరు మనదే పెట్టుకున్నాడు గాని పుట్టుక ఎక్కడిదో దేవుడికెరుక. తెలుగు క్లాసులో కూర్చుని నేర్చుకున్నాడు.

గదికి కిటికీల్లేవు. గోడలు తాకితే చెయ్యి అంటుకుంటోంది. చీమలు బారులు కట్టాయి. బెల్లం మగ్గిన వాసన గొంతులో దిగింది. మూలన రెండు జతల మగవాళ్ళ చెప్పులున్నాయి. ముందెప్పుడో పనికి వచ్చినవాళ్ళవి కాబోలు, ఆ కాళ్ళ తాలూకు మనుషులు గదిలో లేరు. కన్నబాబు తన చెప్పులు విప్పి వాటి పక్కనే పెట్టాడు. వేరే చోటు చూపించలేదు.

కిరణ్ అతని మణికట్టుకి ఒక పట్టీ బిగించాడు. పట్టీ మీద పచ్చ దీపం వెలిగింది.

"నీవు అసత్యము పలికిన ఎర్ర దీపము వెలుగును," అన్నాడు పిస్తోలు బయటికి తీస్తూ. "పిదప ఇది పలుకును. నీ నామధేయము?"

"కన్నబాబండి." పచ్చ.

"నీవు రక్షకభటుడవా?"

"కాదండి." పచ్చ. విభాగం పోలీసుల కిందికి రాదు.

"ఇచటికేల వచ్చితివి?"

"ఈ తెరలు ఎలిగిద్దారని వచ్చేనండి." పచ్చ.

సంచి కుమ్మరించాడు కిరణ్. ఎండుచేపల వాసన గుప్పుమంది. అతని వేళ్ళు ఆ నల్ల తొడుగు మీద ఆగాయి. "ఇదియేమి?"

కన్నబాబు బల్ల కిందికి వేలు చూపించాడు. "ఖాళీగా ఉన్న పోర్టులో పెట్టేదండి. ఇక్కడ సీమలు సూడండి, ఎన్నున్నాయో."

రెండు మాటలూ నిజమే. దీపం పచ్చగానే ఉంది.

అప్పుడు లోపలి గదిలోంచి గంగాభవాని వచ్చింది. చిలకపచ్చ పట్టుచీర. ఆ చీకటి కొట్టులో కూడా నల్ల కళ్ళద్దాలు. ఆమెతోపాటు వచ్చిన సెంటు వాసనకి బెల్లం, చేపలు రెండూ తలవంచుకున్నాయి. టీ గ్లాసు అందిస్తూ మామూలుగా అడిగింది.

"ఏ ఊరు మీది? మీ పక్క బెల్లంలో ఇసకుంటాదంట, నిజవేనేటి?"

కోడ్ అది.

"మాకు ఇసకలోనే బెల్లం దొరుకుద్దండి."

పట్టీ మీది దీపం ఒకసారి మినుకుమంది. కాసేపు ఆలోచించి పచ్చలోనే ఉండిపోయింది.

కన్నబాబు బల్ల కింద దూరాడు. జబ్బు లినక్స్‌ది కాదు. రెండు పోర్టుల్లోనూ పాకం పట్టి, చీమలు కాపురం పెట్టాయి. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు. తీగలు బిగించాడు. నాలుగో పోర్టులో తొడుగు పెట్టాడు. పిస్తోలు గొట్టం బల్ల అంచు పైనుంచి అతని చేతుల్ని చూస్తోంది.

లేచి కూర్చుని, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవబోయి ఆగాడు. అక్కడ మానిటర్లు పెట్టెల బొమ్మల్లా వరసగా కనిపిస్తాయి. నాలుగో పెట్టె కిరణ్ కంట్లో పడుతుంది. అందుకని నల్ల టెర్మినల్ తెరిచాడు. అక్షరాలతో ఆర్డర్లు కొట్టాడు. ఏ తెర ఏ తెరకి ఎడమ, ఏది కుడి, ఏది ప్రైమరీ. లేని తెరని అన్నిటికన్నా ఎడమ కొసకి నెట్టాడు. ప్రైమరీ అని దానికే రాశాడు.

మూడు మానిటర్లూ ఒక్కసారి నల్లబడి, ఒక్కసారి వెలిగాయి. ఎడమవైపు దాంట్లో ఫ్యాక్టరీ గేటు. మధ్యలో బట్టతల బాస్. కుడివైపు వాల్వ్.

"మూడు తెరలును సిద్ధమా?"

"మూడూ ఎలిగేయండి." పచ్చ.

కిరణ్ కళ్ళు చిన్నవయ్యాయి. "మాకు తెలియక నీవు మరేదైనను..."

"బాస్ పిలుత్తన్నారండి," అంది గంగాభవాని. మధ్య తెరలో బాస్ నిజంగానే వేలు ఊపుతున్నాడు. కావాలని అడ్డుపడిందా? ఊరికే చెప్పిందా? నల్లద్దాల వెనక ఏముందో కన్నబాబుకి తెలియలేదు.

"నేను ఎల్లొచ్చునాండి?"

"ఇపుడే కాదు," అన్నాడు కిరణ్, మూలనున్న చెప్పుల వైపు చూసి.

ఒంటిగంట యాభై ఆరు. గేటు తెరలో బస్సులు ఒక్కొక్కటే వచ్చి నిలిచాయి. నాలుగో బస్సులోంచి శ్రీదేవి దిగింది. చేతిలో టిఫిన్ క్యారేజీ. వేలు ఊపుతూ డ్రైవరుతో దేనికో తగువు పడుతోంది. శబ్దం రాదు గాని ఏ మాట అంటోందో తమ్ముడికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ వేలు తన వైపే ఊగింది.

సరిగ్గా రెండు. బాస్ తలూపాడు. కిరణ్ కుడి తెర మీద వాల్వ్ నొక్కాడు.

ఏమీ రాలేదు. ఫ్యాక్టరీ గడియారం మాత్రం కుడి తెర మూలన వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై. పంతొమ్మిది.

"ప్రశ్న ఏది? పెట్టె ఎచట?" కీబోర్డు ముట్టుకోలేదు వాడు. ఎంటర్ కొడితే వద్దని అర్థం. ఆ మాత్రం తెలుసు. పిస్తోలు కన్నబాబు నుదుటికి ఆనింది. "ఎచట ఉన్నది? చెప్పుము."

ఎడమ అంటే వాడు మౌస్ ఎడమకి తోస్తాడు. కుడి అంటే ఎర్ర దీపం. తెలీదన్నా ఎర్ర దీపమే. నోరు మూసుకుంటే గుండు. పదిహేడు. పదహారు.

కన్నబాబు నోట్లోకి తండ్రి మాట వచ్చింది. ఆయన అరక కట్టినప్పుడు ఎడమవైపుది దాపలెద్దు, కుడివైపుది వలపలెద్దు. ఆ మాటలు మడిలో పుట్టి మడిలోనే తిరుగుతాయి. క్లాసులో ఎవరూ చెప్పరు.

"దాపల ఉందండి."

పచ్చ.

కిరణ్ పెదవులు కదిలాయి. "దాపల... దాపు. దాపు యనగా సమీపము." గంగాభవాని వైపు తిరిగాడు. "అంతియే కదా?"

ఆమె కూడా చెరకు రైతు కూతురే. దాపలెద్దు ఏ పక్కదో ఆమెకి తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. పదమూడు. పన్నెండు.

గంగాభవాని నల్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుంది.

"బాగా నేర్సుకున్నారండి," అంది. "దాపంటే దగ్గరే."

అదీ అబద్ధం కాదు.

కిరణ్ కుడి తెరలో దగ్గర్లో వెతికాడు. వాల్వ్ పక్కన, వాల్వ్ కింద, ఒక కిటికీ వెనక, ఇంకో కిటికీ వెనక. ఏడు. ఆరు. విసుగొచ్చి మౌస్‌ని బల్ల మీద ఈడ్చి కొట్టాడు. బాణం గుర్తు కుడి తెరలోంచి మధ్య తెరలోకి, మధ్యలోంచి ఎడమ తెరలోకి పరిగెత్తి, ఎడమ అంచు దాటి మాయమైంది.

వాడు చూశాడు. వాడికి అర్థమైంది.

మూడు. గుడ్డిగా నొక్కాడు. రెండు. కాస్త పైకి జరిపి నొక్కాడు. ఒకటి. ఇంకాస్త పక్కకి.

సున్నా.

మధ్య తెరలో బాస్ ముఖం ఆరిపోయింది. ఎడమ తెరలో కాపలావాళ్ళు పరుగు తీశారు. బస్సులు వెనక్కి తిరిగాయి. శ్రీదేవి క్యారేజీ పట్టుకుని అందరితోపాటు రోడ్డు వైపు నడిచింది. పరిగెత్తలేదు. డ్రైవరుతో తగువు ఇంకా తెమలలేదు.

కిరణ్ పిస్తోలు మీట నొక్కాడు. టిక్కుమంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టిక్కే.

"గుళ్ళు నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయండి," అంది గంగాభవాని. "ఈయన రాకముందు, నేను టీ పెడుతున్నప్పుడు, పిస్తోలు బల్ల మీదెట్టి చేతులు కడుక్కోడానికి ఎల్లేరు కదా. బెల్లం జిడ్డని."

కన్నబాబు మిగిలిన మానిటర్ తీగతో వాడి చేతులు వెనక్కి విరిచి కట్టాడు. ఇద్దరూ కలిసి వాణ్ని తలుపు దాకా నడిపించి, వాడి బొటనవేలు తాళానికి ఆనించారు. వెలుగు లోపలికొచ్చింది. కన్నబాబుకి కళ్ళు మూసుకుపోయాయి.

పట్టీ విప్పి ఆమె వైపు చాపాడు. "మీరెవరి మనిషో సెబుతారేటి? ఇది కట్టుకుని."

"ఒద్దులే బావా," అంది గంగాభవాని అద్దాలు పెట్టుకుంటూ. "నా సేతికి గాజులే బాగుంటాయి."

మర్నాడు పొద్దున్నే కన్నబాబు అప్పని బస్సెక్కించడానికి వెళ్ళాడు. పోయిన షిఫ్ట్‌కి బదులు ఇవాళ మొదటి షిఫ్ట్‌కి రమ్మన్నారట.

"నిన్న ఊరికినే సైరన్ కొట్టేర్రా," అంది శ్రీదేవి. "మిషను తప్పంట. రెండు గంటలు రోడ్డు మీద నిలబెట్టేరు. వంకాయ కూర ఎండకి పాడైపోయింది. ఎవడు సేసేడో గాని ఆడి సెయ్యి ఇరిగిపోనూ."

"ఊఁ," అన్నాడు కన్నబాబు.

"మా కంపెనీలో కంప్యూటర్లు సూసీవోడు కావాలంట. మూడేసి టీవీలు ముందెట్టుకుని కూకోవాలి. నువ్వెలాగా ఖాళీయే కదా, అడగమంటావేటి?"

"నాకు రాదప్పా."

"మరేటొచ్చురా నీకు?"

బస్సు కదిలింది. కన్నబాబు నాలుగడుగులు దాని పక్కనే నడిచి, క్యారేజీ కిటికీలోంచి అందించి, ఇవాళ నీడలో పెట్టుకోమన్నాడు.