లైట్లు ఆరిన ఏడు నిమిషాలు

ఉదయం 6:10. అరకు లైట్ల పండగ మైదానం వెనక పారే గెడ్డ.

శవం బోర్లా పడి ఉంది. తల నీళ్లలో, కాళ్లు ఒడ్డున. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. పైన గట్టు మీద ఒక జత రబ్బరు చెప్పులు, పక్కపక్కన సర్ది పెట్టినట్టున్నాయి.

పేరు యర్రమ్మ. నలభై ఆరేళ్లు. హుకుంపేట పైన కొండ ఊరు. నిన్న సాయంత్రం ఊరివాళ్లు పదకొండు మంది జీపు మాట్లాడుకుని లైట్లు చూడ్డానికి దిగారు. పది మందే తిరిగి వెళ్లారు.

"సూసైడే మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ వరహాలరావు. సాలూరు మనిషి, ఇరవై రెండేళ్ల సర్వీసు. "సెప్పులు ఇప్పి గట్టున పెట్టి దిగింది. మా పక్క నూతిలో పడేవోళ్లంతా ఇలాగే సేత్తారు."

ఎస్.ఐ. నిర్మల వంగి శవం పాదాలు చూసింది.

అరికాళ్లకి ఎర్రమట్టి ఎండి అతుక్కుంది. గట్టు మీద చూస్తే అంతా నల్ల కంకర. కుడి అరచేతిలో తెల్లగా కాలిన గీత. కొంగు ముడి విప్పి ఉంది. మడతలో మూడు సామ గింజలు మిగిలాయి.

శవాన్ని పోస్టుమార్టానికి పంపింది.

8:30. స్టేషన్.

కూతురు గంగకి పంతొమ్మిదేళ్లు. ఏడవడం లేదు. ఏడిస్తేనే నయమనిపించేలా ఉంది.

"అమ్మతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావు?"

"జీపులో. అయిదు గంటలకి."

"ఏమన్నావు?"

"నాకు పట్నంలో నర్సింగు సీటొచ్చింది మేడం. అమ్మ వొద్దంది. నువ్వు బతికున్నంతకాలం నాను ఈ కొండ దిగలేనన్నాను. జీపులో అందరూ ఇన్నారు."

"8:15కి జీపెక్కేటప్పుడు అమ్మ లేదు. వెతకలేదా?"

"కొంచెం ఎతికారు. అలిగి ఇంకో జీపులో పోయుంటాది, పదండని నానే అన్నాను. నానే సంపేశాను. అలాగే రాసుకోండి మేడం."

ఊరివాళ్లు అప్పటికే రాసేసుకున్నారు. కూతురి మాటకి తల్లి గెడ్డలో పడిందట. మనుషుల నోటికి మూత ఎవడు పెట్టగలడు? సాయంత్రంలోగా నిజం తేల్చకపోతే ఈ పిల్ల కూడా దక్కదని నిర్మలకి అర్థమైంది.

9:15. నూకరత్నం వచ్చింది. యర్రమ్మకి చిన్నప్పటి స్నేహితురాలు, నిన్న అదే జీపులో దిగింది.

"యర్రమ్మ బాధగా ఉందా?"

"ముందు ఉంది. లోపలికెల్లాక నవ్వింది. కాఫీ పళ్లలాగ కుండలంతేసి లైట్లు పెట్టారు కదా. ఇయ్యన్నీ ఒక్కసారే పండేత్తే ఏరడానికి మనం ఎక్కడ సాల్తామే అంది."

"ఎక్కడ విడిపోయారు?"

"జాకరమ్మ రాయి కాడ."

మైదానం చివర చెట్లలో ఉంటుంది ఆ కొండదేవత రాయి. సంతకొచ్చే కొండవాళ్లు దాని ముందు గుప్పెడు గింజలు పోసి మొక్కి పోతారు. లైట్ల కంపెనీకి అది వట్టి బండ. చుట్టూ ఇనప కమ్మీలు బిగించి, రంగు రంగుల దీపాలు చుట్టేశారు.

"యర్రమ్మ కమ్మీల్లోంచి సెయ్యి పెట్టింది. జుమ్మందట. అమ్మోరు నా సెయ్యట్టుకుందే అంది."

వరహాలరావు పెన్ను ఆపేశాడు. "ఇది స్టేట్‌మెంట్లో ఎందుకు మేడం? పూనకాలు కోర్టులో నిలబడవు."

"రాయండి," అంది నిర్మల. "తర్వాత?"

"ఒక్కదాన్నే మొక్కుకోవాల, నువ్వు పో అంది. ఏడున్నరయ్యుంటాది."

11:00. మైదానం. లైట్ల కంపెనీ సూపర్‌వైజర్ అజయ్.

"నిన్న వర్షం ఎప్పుడు మొదలైంది?"

"6:40కి. సన్నగా."

"లైట్లు ఎన్నిసార్లు ఆరాయి?"

"ఒక్కసారే మేడం. 7:42కి ట్రిప్ అయింది. 7:49కి వచ్చేశాయి."

"ఆ ఏడు నిమిషాలూ మీరెక్కడ?"

"జనరేటర్ దగ్గర."

అతన్ని పంపేసి నిర్మల రాయి దగ్గరికి నడిచింది. అక్కడి మట్టి ఎర్రగా, ఇంకా తడిగా ఉంది. వైర్ల సందుల్లో గుప్పెడు సామలు చెదిరి ఉన్నాయి. తర్వాత ఎలక్ట్రీషియన్ని పిలిపించి స్విచ్‌బోర్డు తెరిపించింది.

3:20కి డాక్టర్ ఫోన్. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు.

4:00. అజయ్, నూకరత్నం, గంగ. ముగ్గుర్నీ రాయి దగ్గర నిలబెట్టింది.

"అజయ్ గారూ, బూట్లు విప్పండి."

"ఎందుకు మేడం?"

"ఆ తడిలో నిలబడి కమ్మీ పట్టుకోండి."

అజయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "లైన్ ఆన్‌లో ఉంటే..."

"దీపాల్లో కరెంటుండాలి. కమ్మీలో ఎందుకుంటుంది?"

వరహాలరావు కూడా మెల్లగా వెనక్కి జరిగాడు. నిజానికి లైన్ తీయించి చాలాసేపయింది. ఆ సంగతి నిర్మల ఎవరికీ చెప్పలేదు.

"యర్రమ్మని పట్టుకున్నది అమ్మోరు కాదు," అంది నిర్మల. "కరెంటు. మొదటిసారి రబ్బరు చెప్పులు కాపాడాయి, జుమ్మని వదిలేసింది. మనమైతే షాకని దూరం జరుగుతాం. ఆమె తల్లి పలికిందనుకుంది. అందుకని చెప్పులు విప్పింది. కొంగు ముడి విప్పి గింజలు పోసింది. తడి నేల మీద వట్టి కాళ్లతో మళ్లీ చెయ్యి పెట్టింది. అరికాళ్ల మట్టి ఇక్కడిది. ఆమె గెడ్డ దాకా నడవలేదు. కింద పల్లం ఊళ్లలో చావబోయేవాళ్లు చెప్పులు విప్పుతారేమో. కొండవాళ్లు మొక్కబోయేముందు విప్పుతారు. అవి గట్టు మీదికెలా వెళ్లాయి అజయ్ గారూ?"

అజయ్ స్విచ్‌బోర్డు వైపు చూశాడు. "6:50కి ఒకసారి ట్రిప్ అయింది. జనం గోల చేశారు. మళ్లీ ఆరకుండా, లీకయితే కరెంటు ఆపేసే బ్రేకర్ని బైపాస్ చేశాను. 7:42కి చూసేసరికి... మెయిన్ నేనే ఆపాను. ప్రాణం లేదు మేడం, ఒట్టు. ఇంకా రెండ్రోజుల షో ఉంది. చీకట్లో మోసుకెళ్లి..."

"డాక్టర్ దగ్గరికి మోసుకెళ్లాల్సింది," అంది నిర్మల.

వరహాలరావు అతని జబ్బ పట్టుకుని జీపు వైపు నడిపించాడు.

నిర్మల గంగ భుజం మీద చెయ్యి వేసింది. "విన్నావుగా. మీ అమ్మ చావాలని వెళ్లలేదు. నీ మాటకి పోలేదు. ఊరికొచ్చి నేనే చెబుతాను."

గంగ వినిపించుకోలేదు. నూకరత్నం వైపు తిరిగింది.

"పిన్నీ, అమ్మ ఏటి మొక్కుకుంటానంది?"

"ఎందుకులేయే ఇప్పుడు."

"సెప్పు పిన్నీ."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా గుంటని పట్నం పంపేత్తాను తల్లీ, అక్కడ దాన్ని నువ్వే సూసుకో అని మొక్కుతానంది. బేగి వొచ్చి జీపులో సెప్తాను, అప్పటిదాకా దానితో అనకు అంది."

"అయితే నా కోసమే ఎల్లింది," అంది గంగ.

నూకరత్నం ఆ పిల్లని గుండెకి హత్తుకుంది. గంగ ఏడుపు మైదానం అవతలికి వినబడింది. పొద్దుటి నుంచి నిర్మల తిరిగిందంతా ఆ పిల్ల నెత్తిన బరువు దించడానికే. ఈ ఒక్క మాటతో అది మళ్లీ అక్కడికే చేరింది.