శ్యామలాంబ గది గుమ్మం

తలుపు తియ్యబోయిన చెయ్యి గోడకి తగిలింది!

శ్యామలాంబ ఉలిక్కిపడింది. పట్టిసీమ నుంచి నాలుగు రోజుల పడవ ప్రయాణం, ఎండలో కాలవగట్టు మీద నడక... కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని చంకలోని మూట కిందికి దించింది. తెల్లచీర చెంగు నెత్తిమీదికి లాక్కుని మళ్ళీ చూసింది. తమ్ముడు మాటిచ్చిన గది అలాగే కట్టించాడు. పాత తాటాకు వసారా చోట నాలుగు గోడలు లేచాయి. పైన ఎర్రటి కొత్త పెంకు, కింద నున్నగా దిమ్మిస కొట్టి అలికిన నేల, సందులోకి తెరుచుకునే కొత్త తలుపు. అన్నీ ఉన్నాయి. కాని ఆ వసారాలోంచి ఇంటి నడవలోకి వెళ్ళే పాత గుమ్మం, ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ తలవంచి లోపలికీ బయటికీ తిరిగిన గుమ్మం... లేదు! దాని చోట తెల్లటి సున్నపు గోడ ఉంది!

ఆవిడ ఆ గోడకి చెయ్యి ఆనించింది. ఇంకా తడి ఆరలేదు. కరక్కాయల వాసన, బెల్లం వాసన. ఆ వాసన ఆవిడకి తెలియనిది కాదు. గానుగ సున్నంలో కలపడానికి కరక్కాయలు నలగ్గొట్టి, నానబెట్టి, బెల్లపు నీళ్ళు కాచి కుండలకెత్తి వెళ్ళింది తానే. "అక్క చేతి సున్నం, నూరేళ్ళైనా చెక్కుచెదరదు" అని తమ్ముడు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. ఆ సున్నంతోనే ఆవిడ గుమ్మం మూశారు.

"వచ్చావా అక్కా? దర్శనం బాగా అయిందా?"

సూర్యప్రకాశం సందులోంచి వచ్చి కొత్త తలుపు దగ్గర నిలబడ్డాడు. సొంత అక్క గదికి చుట్టుతిరిగి రావలసి వచ్చిన మొదటి రోజు అది. ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పే పంతులు, మాటకి ఏనాడూ తడుముకోనివాడు, ఆ ఒక్క ప్రశ్న అడిగి నేల చూపులు చూస్తున్నాడు.

"గుమ్మం ఏదిరా ప్రకాశం?"

"అదేనే అక్కా... కామేశం సిద్ధాంతిగారు వచ్చి లెక్క చూశారు. మన ఇంటికి ఆరు గుమ్మాలు ఉండేవిగా! నీ గదికి సందువైపు కొత్తది పెట్టేసరికి ఏడయ్యాయి. బేసి గుమ్మాలు ఇంటికి పనికిరావుట. ఏదో ఒకటి మూయక తప్పలేదు."

"ఆరింటిలో నీకు ఇదే కనిపించిందా నాన్నా?"

 అంతలో గోడకి అవతల గాజుల చప్పుడైంది. మరదలి గాజులు! శ్యామలాంబ ముఖం విప్పారింది. "సీత వచ్చిందా? పుట్టింటి నుంచి ఎప్పుడొచ్చింది? దసరాకి వెళ్ళిన పిల్ల! ఉండు, చూసి వస్తాను" అని బయల్దేరబోయింది.

"ఇప్పుడు వద్దు అక్కా! పడుకుంది. ప్రయాణపు అలసట... తరవాత చూద్దువు గాని!"

అంటూ అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎత్తుకుని పెంచిన చేతులకి వాడి రెండు చేతులూ అడ్డం! శ్యామలాంబ మూట పక్కన కూర్చుండిపోయింది.

పెళ్ళయిన రెండో ఏటే, పదమూడేళ్ళ వయసులో ఆవిడ బొట్టు పోగొట్టుకుంది. ఆ యేడే తల్లి పురిట్లో పోయింది. పొత్తిళ్ళలో ఈ తమ్ముడు. మండపేట నుంచి అత్తవారు బండి కట్టించుకుని వచ్చి, "మా పిల్లవాడి భార్య, మా ఇంట్లో ఓ గది, తిండిగింజలు ఎప్పటికీ ఉంటాయి, రామ్మా" అని పిలిచారు. మంచివాళ్ళే. కాని పసివాడు ఆవిడ మెడ వదలలేదు. ఆవిడ బండి ఎక్కలేదు. తండ్రి చూపించిన వెనక వసారాలోనే, ఆయన పోయాక కూడా, తాటాకు కింద పొయ్యి పెట్టుకుని వాణ్ణి పెంచింది. నడవలోకి ఉన్న ఆ తలుపుకి గడియ నడవ వైపే ఉండేది. తన వైపు ఎందుకు లేదని ఆవిడ ఏనాడూ అడగలేదు. తెల్లవారుజామున వాడే లేచి, కాలివేళ్ళ మీద నిలబడి ఆ గడియ తీసి, "అక్కా!" అంటూ వచ్చి ఒళ్ళో వాలేవాడు. లోకమంతా విధవ ఎదురైతే వెనక్కి తిరిగే కాలం... వాడు మాత్రం పరీక్షకి అమలాపురం వెళ్ళే రోజున వీధిలో నిలబడి, "అక్కా, నువ్వు ఎదురు రావే! నువ్వు రాకపోతే నేను పడవెక్కను" అని మొండికేశాడు. చుట్టుపక్కల వాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ ఎదురు వచ్చింది. వాడు పరీక్ష నెగ్గాడు!

ఆ ఒక్క రోజు తలుచుకునే ఆవిడ ఇన్నేళ్ళు బతికింది.

మర్నాడు తాపీమేస్త్రి బుల్లియ్య మెట్టు కట్టడానికి వచ్చాడు. శ్యామలాంబని చూడగానే తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా మీద కోపం పెట్టుకోకండి పెద్దమ్మగారూ! నాకేం తెలీదండి. ముందే తెలిస్తే తాపీ ముట్టుకునేవాణ్ణే కాదు."

"ఏంటి తెలియడం బుల్లియ్యా?"

"అదేనండి, చిన్నమ్మగారికి అయిదో నెలన్న సంగతి. నిన్న మా ఇంటిది చెప్పి నన్ను నాలుగు వాయించింది. కడుపుతో ఉన్న ఇల్లాలి ఇంట గుమ్మం మూసే మేస్త్రి ఎక్కడైనా ఉంటాడాండీ? మా తాత ముత్తాతలు ఎవరూ ఆ పని చెయ్యలేదు. పంతులుగారు నాతో ఓ ముక్క అనలేదండి!"

 అయిదో నెల! రెండు కాన్పులు పోగొట్టుకున్న మరదలు మళ్ళీ నీళ్ళోసుకుంటే, ఈ సంగతి మేస్త్రి భార్యకి తెలిసింది... తనకి తెలియలేదు! దసరా నుంచీ తమ్ముడు ప్రతి వారం అత్తవారింటికి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. "సీత బాగుందా నాన్నా?" అని అడిగినప్పుడల్లా "బాగుంది" అని ఊరుకున్నాడు.

"సిద్ధాంతిగారు మూయమన్నారుటగా?" అంది మెల్లగా.

బుల్లియ్య అటూ ఇటూ చూశాడు. "అబద్ధమాడితే నోరు పడిపోద్దండి. ఆయన నా ఎదురుగానే అన్నారు. 'మూయడం దేనికయ్యా, గొడ్లసావిడి వైపు ఇంకో గుమ్మం తీయించు, ఎనిమిదవుతాయి, సరి' అన్నారు. పంతులుగారే వద్దన్నారండి. 'అక్క ఊరినుంచి వచ్చేలోపల ఇది మూసెయ్యాలి' అని నన్ను మూడు రోజులు తొందరపెట్టారు."

అప్పుడర్థమైంది శ్యామలాంబకి. "పట్టిసీమ వీరభద్రుణ్ణి చూడాలని ఎన్నాళ్ళ నుంచో అంటున్నావుగా, ఈ శివరాత్రికి వెళ్ళిరా అక్కా" అని తమ్ముడు పడవ మాట్లాడి పంపితే, ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. గోదావరి మధ్య కొండమీద నిలబడి వాడి వంశం నిలబడాలని మొక్కింది. ఇక్కడ వాడు గోడ కట్టిస్తున్నాడు...

సాయంత్రం సూర్యప్రకాశం బడి నుంచి రాగానే ఆవిడ పిలిచింది. అతను వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సీతకి అయిదో నెలటగా?"

అతని ముఖం పాలిపోయింది. "అక్కా... నీకు చెప్పకూడదని కాదు..."

"మరి?"

"రెండు సార్లు చచ్చిన బిడ్డని చేతుల్లో పెట్టారే! ఈసారి కూడా అలా అయితే సీత బతకదు. వాళ్ళమ్మగారు ఒకటే పోరు... పొద్దున్నే లేవగానే... ఎదురు..." 

"పొద్దున్నే లేవగానే విధవ మొహం చూడకూడదంది. అంతేనా?"

"నేననలేదు అక్కా! నా నోటంట ఆ మాట రాలేదు!"

"ఆవిడ అంది. గోడ కట్టింది నువ్వు." శ్యామలాంబ గొంతు పెంచలేదు. "నాతో చెప్తే నేనే ముసుగేసుకుని కూర్చునేదాన్ని కదరా. తొమ్మిది నెలలూ ఆ గుమ్మం దాటేదాన్ని కాదు. దానికి ఇంత సున్నం దేనికి? ఇంత అబద్ధం దేనికి?"

అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇదివరకైతే ఆవిడ కొంగుతో వాడి కళ్ళు తుడిచేది. ఆ రోజు కొంగు ఎత్తలేదు. "వెళ్ళు నాన్నా, దీపాల వేళైంది" అని మాత్రం అంది.

ఆ రోజు నుంచీ శ్యామలాంబ ఆ ఇంట్లోకి అడుగు పెట్టలేదు. వీధి గుమ్మం తెరిచే ఉంది, ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. తన వంట తాను వండుకుని, తన విస్తరి తానే తీసుకుంది. సీత మాత్రం నడవలో పని చేసుకుంటూ, పుట్టింటి నుంచి తోడు వచ్చిన తల్లి చూడకుండా గోడ మీద వేలితో తట్టేది. "వదినా, భోంచేశారా?" ఇటునుంచి జవాబు వెళ్ళేది: "అయిందమ్మా. నువ్వు బరువులెత్తకు." "వదినా, ఇవాళ కడుపులో తిరుగుతోంది!" "మంచిదమ్మా... ఎడంవైపు పడుకో." పాపం, ఆ పిల్ల గుమ్మాల లెక్క నిజమనే నమ్మింది. "పురుడయ్యాక సిద్ధాంతిగారిని అడిగి ఇంకేదైనా మూయిద్దాం వదినా, ఇదేం ఖర్మ!" అనేది. శ్యామలాంబ నిజం చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్లకి చెప్పవలసిన నిజం కాదది.

ఆషాఢం వచ్చింది. కాలవలు నిండి గట్లు ఒరుసుకుని పారుతున్నాయి. ఒకనాడు తెల్లవారేసరికి సీతకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. మధ్యాహ్నమైంది. బిడ్డ కదలడం లేదు. గోడకి చెవి ఆనించి శ్యామలాంబ ప్రతి మూలుగూ వింది. తన రెండు చేతులూ గోడకి ఆనించి నిలబడింది. ఆ గోడ ఆవిడ చేతి సున్నం... చెక్కుచెదరదు!

అంతలో మంత్రసాని గొంతు ఖంగుమంది. "ఏం చూస్తున్నారు నిలబడి? ఇంట్లో మూసినవన్నీ తెరవండి! పెట్టెల తాళాలు తియ్యండి, గాదె తలుపు తియ్యండి, మూటల ముళ్ళు విప్పండి! ఏ ఒక్కటి మూసి ఉన్నా బిడ్డకి దారి ఇవ్వదు!"

లోపల ఉరుకులు పరుగులు. తాళాలు, మూతలు, గొళ్ళాలు... ఒక్కొక్కటే తెరిచిన చప్పుడు. తరవాత అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో అందరి కళ్ళూ ఎటు తిరిగాయో గోడకి ఇవతల నిలబడ్డ శ్యామలాంబకి తెలిసింది.

"వదినా!" అని సీత అరిచింది. "వదినని పిలవండీ!"

ధన్‌మని గోడ అదిరింది! మళ్ళీ! గునపం పోటుకి సున్నం పెళ్ళలు రాలాయి. ఒక ఇటిక ఇటువైపు పడింది, రెండోది, మూడోది... కంతలోంచి తమ్ముడి ముఖం కనిపించింది. ఒళ్ళంతా సున్నం, కళ్ళనిండా నీళ్ళు, అరచేతుల్లో నెత్తురు.

"అక్కా! రావే అక్కా! నువ్వు ఎదురు రావే!"

పరీక్షకి వెళ్ళిన నాటి గొంతు అది. శ్యామలాంబ ఇటికల మీదినుంచి అడుగు వేసి లోపలికి వెళ్ళింది. ఎవరి ముఖమూ చూడలేదు. ముసుగు వేసుకోలేదు. తిన్నగా వెళ్ళి సీత వెనక కూర్చుని ఆ పిల్లని గుండెకి ఆనించుకుంది. "నేనున్నానమ్మా. ఇంక ఒక్కసారి..." అంది.

ఘడియ సేపటికి ఆడపిల్ల కెవ్వుమంది. మంత్రసాని బొడ్డు కోసి, వేణ్ణీళ్ళతో తుడిచి, పిల్లని మొదట శ్యామలాంబ చేతుల్లోనే పెట్టింది. సీత తల్లి చూస్తూ ఉండిపోయింది. వద్దనే నోరు ఆ పూట ఎవరికీ లేదు.

పురుడు వెళ్ళిన పన్నెండో రోజున బుల్లియ్య వచ్చాడు. సూర్యప్రకాశం కట్లు కట్టిన చేతులతో ఎదురువెళ్ళి, "మంచి టేకు గుమ్మం పెట్టు బుల్లియ్యా, ఇంటికంతటికీ మా అక్క గుమ్మమే అందంగా ఉండాలి. గొడ్లసావిడి వైపు కూడా ఒకటి తియ్యి, లెక్క సరిపోతుంది" అన్నాడు. అక్క వైపు తిరిగి, "అక్కా... నన్ను క్షమించానని ఒక్క మాట అనవే" అన్నాడు.

శ్యామలాంబ పగిలిన గోడ అంచుని చేత్తో తడుముతోంది.

"ఈ గోడ నువ్వు నాకోసం పగలగొట్టలేదు నాన్నా. నీ బిడ్డకోసం పగలగొట్టావు. మంచి పనే చేశావు, నేనైనా అదే చేసేదాన్ని. కాని నాకోసం కాదు. ఆ తేడా నీకూ తెలుసు, నాకూ తెలుసు. క్షమించడానికేముంది, నేను పెంచినవాడివి. కాని ఆ నమ్మకం... అది మళ్ళీ కట్టడం నాకు చేతకాదురా."

 ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది.

"తలుపు పెట్టు బుల్లియ్యా. గడియ మాత్రం నా వైపు పెట్టు."

బుల్లియ్య పంతులుగారి ముఖం చూశాడు.  సూర్యప్రకాశం ఔనన్నట్టు తల ఊపాడు.

తలుపు పెట్టిన మర్నాడు తెల్లవారుతోంది. ఇంకా కాకులు లేవలేదు. శ్యామలాంబ గదిలో కూర్చుని ఆ గడియనే చూస్తోంది. ఇంత చిన్న ఇనుపముక్క... తన వైపున ఉండడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది!

తలుపు మీద ఎవరో వేలితో తట్టారు.

"వదినా, నేను, సీతని. గడియ తీయండి."

"ఇంత పొద్దున్నే ఎందుకమ్మా? పచ్చి బాలింతవి, పడుకోక!"

"ఆయన నాతో అంతా చెప్పేశారు వదినా..." అవతల గాజుల చప్పుడైంది. "పిల్ల ఇవాళ ఇంకా కళ్ళు తెరవలేదు. మా అమ్మ లేవకముందే తెచ్చాను. దీనికి రోజూ మొట్టమొదట మీరే ఎదురు రావాలి. తీయండి వదినా..."

శ్యామలాంబ లేచింది. గడియ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. తరవాత, తన చేత్తోనే తీసింది.