చెయ్యి దూరని చోట బోల్టు

సుత్తి దెబ్బ ఠంగుమనేసరికి వసుంధర పళ్ళెంలోని ఎర్రరాళ్ళన్నీ నేలమీదికి దొర్లాయి. దుద్దుల్లో రాళ్ళు పొదగడం ఊపిరి బిగబట్టి చేసే పని. పొద్దుటినుంచీ పక్క షెడ్డులో ఇదే వరస. చేతిలో పట్టకారుతోనే పోట్లాటకి బయల్దేరింది.

పోట్లాటని పేరే గానీ, ఎవరితోనో ఒకరితో మాట్లాడే సాకు దొరికిందని లోపల సంతోషమే. అమ్మ పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. చిలకలపూడిలో ఆ వీధంతా రోల్డుగోల్డు పనే. అందరూ తలొంచుకుని ఎవరి పనిలో వాళ్ళుంటారు.

మెకానిక్ శ్యాంబాబు తన పాత కారు బానెట్ కింద నడుం దాకా దూరిపోయి ఉన్నాడు. ఏడాదిగా పక్కపక్కనే ఉంటున్నా, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది కుళాయి నీళ్ళ గురించే.

"కారు బాగుచేస్తున్నారా, చంపుతున్నారా?"

అతను తలెత్తాడు. ముక్కు మీద గ్రీజు. "ఉప్పుగాలికి బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయిందండీ. స్టార్టర్ మోటారు వెనకెక్కడో ఉంది. నా చెయ్యి దూరట్లేదు."

అది ఊడితే కొత్త మోటారు బిగించుకుని రేపే గుడివాడ వెళ్ళిపోతాడట. షెడ్డు స్థలం వాళ్ళు ఖాళీ చేయమన్నారు. గుడివాడలో ఒక గ్యారేజీలో పని దొరికింది, పైన గది కూడా ఇస్తారు.

వసుంధర రాళ్ళ సంగతే మర్చిపోయింది. గుడివాడ దూరమేం కాదు. కానీ పొద్దున్నే స్పానర్ల చప్పుడు, పగలంతా రేడియో, సాయంత్రం టీ గ్లాసు కడుగుతున్న చప్పుడు, అన్నీ వెళ్ళిపోతాయి. ఇన్నాళ్ళూ వాటినే తోడనుకుని బతికానని అప్పుడే తెలిసింది.

తన సన్నటి మణికట్టు వైపు చూసుకుంది. ఊరుకుంటే సరిపోయేది.

"నా చెయ్యి పడుతుందేమో."

వాన మొదలైంది. రేకుల మీద హోరు. బోల్టుకి ముందే డీజిల్ పోసి నానబెట్టాడట. బలవంతం చేయొద్దని, తల అరిగితే ఇక రాదని హెచ్చరించాడు. ముందు వెంట్రుకవాసి బిగించి, అప్పుడు వదులు చేయాలట. అతను టార్చి పట్టుకుంటే ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతోనే వెతికింది. బిగించింది, తిప్పింది, మళ్ళీ బిగించింది. కిర్రుమని బోల్టు కదిలింది.

అతను గంతేశాడు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

కొత్త మోటారు పెట్టాక దాని బోల్టు బిగించడానికీ ఆమె చెయ్యే కావాలి. బిగిసిందా అని అడిగితే బిగిసిందంది. అబద్ధం. వేళ్ళతో తిప్పి వదిలేసింది. వెళ్ళొద్దని చెప్పే ధైర్యం లేక చేసిన పని అది.

మర్నాడు సామానంతా కార్లో పెట్టుకుని, వస్తానండీ అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు వసుంధర దుద్దుల్లో ఒక్క రాయీ కుదురుగా కూర్చోలేదు. వానలో నడిరోడ్డు మీద అతని కారు ఆగిపోతే ఎలాగని ఆమెకి సిగ్గు, భయం. పక్క షెడ్డులో మాత్రం చప్పుడే లేదు.

పొద్దు వాలుతుండగా హారన్ మోగింది.

"పెడన రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపానండీ, మళ్ళీ స్టార్ట్ కాలేదు. అక్కడున్నవాళ్ళ చేత తోయించుకుని వెనక్కొచ్చాను."

వసుంధర తలెత్తలేదు. "నేనే బిగించలేదు. కావాలనే."

"తెలుసండీ. పొద్దున తాళం తిప్పగానే మోటారు వదులుగా కదిలే గరగర విన్నాను."

"తెలిసీ ఎందుకెళ్ళారు?"

"మీరు ఆపుతారేమోనని వీధి చివరిదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను." అతను కారు బానెట్ ఎత్తాడు. "గేటు దగ్గర ఒకాయన, సన్నటి మనిషే, తను బిగిస్తానన్నాడు. వద్దన్నాను."

ఆమె ఏడుస్తున్నట్టు తెలియకూడదని చెయ్యి చాపి స్పానర్ అందుకుంది.

"బిగించెయ్యమంటారా?"

"బిగించండి. ఈ వీధిలోనే గది చూసుకుంటాను. రోజూ గుడివాడ వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యాలి కదా."

ఈసారి ఆమె గట్టిగా బిగించింది.